జేజి పేరు ఏ పుస్తకంలో వుంది?

మా మనవరాలు అమెరికాలో ఏడో తరగతి చదువుతోంది. మొన్నొక ఆదివారం పొద్దున ఫోను చేసి, "అవ్వా, మా బళ్లో వంశవృక్షం రాసుకురమ్మన్నారు. నువ్వు చెప్తూవుండు, నేను రాసుకుంటా" అంది. ఇదెంత భాగ్యం అనుకున్నాను. పొయ్యి మీద పప్పు సన్నమంట మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మా నాయన పేరు చెప్పాను. జేజినాయన పేరు చెప్పాను. ఆయన నాయన, ఆ పై ఆయన, వారి నాయన - అయిదు తరాలు గడగడా అప్పజెప్పేశాను. నాకే ముచ్చటేసింది. "సరే అవ్వా, ఇప్పుడు ఆడవాళ్లవి చెప్పు" అంది పిల్ల.

మా అమ్మ పేరు చెప్పాను. మా జేజి పేరు చెప్పాను. మరి జేజి అత్తగారి పేరు? ఆవిడ అత్తగారి పేరు? నోట్లో మాట నోట్లోనే వుండిపోయింది. ఇవతల నేను బుర్ర గోక్కుంటూంటే అవతల పప్పు మాడి వాసనొచ్చింది.

మా అన్నయ్యకి ఫోను చేశాను. జమ్మలమడుగులోనే వుంటాడు, వంశం సంగతులన్నీ తనకే తెలుసంటాడు. "ఏం మే, పొద్దున్నే నీకిదేం పని? ఆడోళ్ల పేర్లు ఎవురికి గుర్తుంటాయి?" అని నవ్వాడు. తప్పు అన్నయ్యది కాదు లెండి. నాకు మాత్రం గుర్తున్నాయా? నేనూ ఆ ఇంటి ఆడపిల్లనే కదా!

సాయంత్రం మనవరాలు మళ్లీ చేసింది. వాళ్ల క్లాసులో ఒకమ్మాయి, తన తాతముత్తాతలు అయోవాలో వ్యవసాయం చేసేవారట, ఆరు తరాల అవ్వల పేర్లూ పట్టుకొచ్చిందట. ఎలాగంటే, కొన్ని జనాభా లెక్కల్లో దొరికాయి, కొన్ని చర్చి పుస్తకాల్లో దొరికాయి. "మనకి లేవా అవ్వా అలాంటివి?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. ఇంటి పని అయ్యాక తీరిక చూసుకుని, కొన్నాళ్లు ఆ పుస్తకాల వెంటపడ్డాను. తెలుసుకున్న నాలుగు ముక్కలూ మీకూ చెప్తాను.

ముందు మా వూరి సంగతి. మా పెద్దలది కడప జిల్లాలో జమ్మలమడుగు పక్కన, మైలవరం దగ్గర ఒక పల్లె. మైలవరం అనగానే కృష్ణా జిల్లా వాళ్లు "మా పక్కనే కదండీ!" అంటారు. అది వేరు, ఇది వేరు. పాత కాగితాలు వెతికేవాళ్లు ముందు పడే గుంట ఇదే - ఒకే పేరుతో రెండూళ్లు. మాది పెన్న ఒడ్డు మైలవరం. గండికోట లోయలోంచి ఒరుసుకుంటూ వచ్చిన పెన్నకి మైలవరం దగ్గర ఆనకట్ట కట్టారు. నల్లరేగడి నేల. జొన్న, కొర్ర, పత్తి. వాన పడితే పంట, పడకపోతే వలస. 

ఈ సీమని 1800లో నైజాము కుంఫిణీ వాళ్లకి ఇచ్చేశాడు. అందుకే దత్తమండలాలన్నారు. కలెక్టరుగా మన్రో దొర వచ్చాడు, 1807 దాకా వున్నాడు. మధ్యవాళ్లు లేకుండా రైతు పేరు మీదే పట్టా ఇచ్చి, రైతు దగ్గరే శిస్తు కట్టించుకునే రైతువారీ పద్ధతి ఇక్కడ గట్టిగా నాటుకున్నది ఆయన చలవే. కడప జిల్లాలో కొందరు తమ మగపిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే చూడండి. వంశం వెతికేవాళ్లకి అలాంటి పేరు తగిలితే పండగే - ఆ పిల్లవాడు మన్రో వచ్చాక పుట్టినవాడని ఇట్టే తేలిపోతుంది.

రైతు పేరు ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కింది కాబట్టి మావాళ్ల పేర్లు భూమి లెక్కల్లో దొరుకుతాయి. సెటిల్మెంటు చేసినప్పుడు రాసిన రిజిస్టరుని డైగ్లాట్ అంటారు. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు - అన్నీ వరసగా వుంటాయి. వెనకటికి ఏదో గట్టు తగాదా వచ్చి మావాళ్లు తీయించిన నకలొకటి అన్నయ్య దగ్గర వుంది. తెప్పించి చూశాను. మా ముత్తాత పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో వుంది. ఆయన చేను, అందులో బావి, పక్క చేను వాళ్ల పేరు కూడా వున్నాయి. ఆయన పెళ్లాం పేరు లేదు.

ఆడదాని పేరు పట్టాలోకి రావాలంటే సాధారణంగా ఆమె మొగుడు పోవాలి, కొడుకులైనా వుండకూడదు. పసుపు కుంకుమలతో, కడుపు చలువతో పదికాలాలు బతికిన ఇల్లాలికి ఆ పుస్తకంలో చోటే లేదు. "దీర్ఘ సుమంగళీ భవ" అని దీవిస్తే అందులో ఇంత మతలబు వుందని నేనెన్నడూ అనుకోలేదు!

సరే, భూమి పుస్తకం మగవాళ్లదనుకుందాం. జనాభా లెక్కలో ఆడవాళ్లనీ లెక్క పెట్టాలి కదా? పెట్టారు. మద్రాసు రాజధానిలో 1871లో మొదటి పెద్ద లెక్క జరిగింది. తర్వాత 1881 ఫిబ్రవరి 17 రాత్రి దేశమంతటా ఒకేసారి జనాన్ని లెక్కించారు. అప్పటినుంచీ 2011 దాకా పదేళ్లకోసారి. ఇళ్ల గోడల మీద నంబర్లు వేసి, ఇంటింటికీ తిరిగి పేరు, వయసు, కులం, వృత్తి, చదువు రాసుకున్నారు.

ఇక్కడే తమాషా వుంది. ఆనాటి లెక్కల వాళ్లకిచ్చిన సూచనల్లో, ఇంటివాళ్లు ఆడవాళ్ల పేర్లు చెప్పడానికి ఇష్టపడకపోతే బలవంతం చెయ్యొద్దు, "స్త్రీ" అని రాసుకుంటే చాలు అని వుండేది. పరాయి మగాడు వాకిట్లో నిలబడి మీ ఆవిడ పేరేమిటని అడిగితే ఆ రోజుల్లో ఎందరు చెప్పివుంటారు? ఆడవాళ్లేం తక్కువ తిన్నారా! మొగుడి పేరు నోటితో చెప్తే ఆయుష్షు క్షీణమని, "ఏడుకొండలవాడి పేరండీ", "రాములవారి తమ్ముడి పేరండీ" అని పొడుపుకథలు వేసేవాళ్లు. ఆ గుమాస్తాల అవస్థ తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఇక వయసులు. ఎవర్నడిగినా నలభై, యాభై, అరవై. నలభైమూడేళ్ల వాళ్లు, యాభైయేడేళ్ల వాళ్లు వూళ్లో వుండనే వుండరు! మా జేజిని వయసెంతంటే, "కరువు పోయిన నాలుగేండ్లకు పుట్నానంట" అనేది. ఏ కరువని అడిగే తెలివి అప్పుడు నాకు లేదు.

అయితే పేరు చెప్పినవాళ్లయినా దొరుకుతారా అంటే అదీ లేదు. అమెరికాలో 1850 నుంచి ఇంట్లో వున్న ప్రతివాళ్ల పేరూ రాశారు. బానిసలుగా వున్నవాళ్లకి మాత్రం ఆ పుస్తకాల్లో పేర్లు లేవు, వయసూ మగా ఆడా అంతే. ఆ కాగితాలని దాచి, 72 ఏళ్లు గడిచాక జనానికి చూపిస్తారు. 1950 నాటివి 2022లో తెరిచారు. ఇంగ్లండులో నూరేళ్ల గడువు. మన దగ్గర 19వ శతాబ్దపు లెక్కల్లో మొత్తాలు కూడుకుని పుస్తకాలు అచ్చేశారు గానీ, ఇంటింటి కాగితాలు దాచలేదు. కూడిక అయిపోయాక పారేశారు. తర్వాతి కాలంలో 1948లో వచ్చిన సెన్సస్ చట్టం ప్రకారం మనిషి మనిషి వివరాలు రహస్యం, ఎవరికీ చూపించరు. కాబట్టి మా మనవరాలి స్నేహితురాలికి దొరికినట్టు మనకి జనాభా లెక్కల్లో అవ్వల పేర్లు దొరికే ఆశ లేదు.

మరి ఆ అచ్చు పుస్తకాల్లో ఏముంది? అంకెలున్నాయి. ఆ అంకెల్లో నా కంట పడి, చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా నన్ను కదలనివ్వనివి రెండు. కడప జిల్లా జనాభా 1871లో 13,51,194. పదేళ్ల తర్వాత 1881లో 11,21,038.

పదేళ్లలో పెరగాల్సిన జనం 2 లక్షల 30 వేలు తగ్గారు! మధ్యలో 1876-78 నాటి కరువొచ్చింది. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ధాత కరువన్నారు. వానల్లేవు, పంటల్లేవు, పశువుల్లేవు. చచ్చినవాళ్లు చావగా, వలస పోయినవాళ్లు పోగా, పుట్టాల్సినవాళ్లు పుట్టలేదు. కరువు పనుల్లో మట్టి మోసేవాడికి రోజుకి ఒక పౌను ధాన్యం చాలునని రిచర్డ్ టెంపుల్ దొర తేల్చాడు. పౌనంటే మన లెక్కలో అరకిలో కూడా లేదు. అది చాలదు, కనీసం పౌనున్నర కావాలి, పప్పూ కూరా కావాలి అని పోట్లాడినాయన డాక్టర్ కార్నిష్, మద్రాసు ఆరోగ్యశాఖ పెద్ద. 1871 మద్రాసు జనాభా లెక్కల నివేదిక రాసింది కూడా ఆయనే. తను లెక్కపెట్టిన జనాన్ని తన కళ్లముందే పోగొట్టుకున్న మనిషి! అంకెల వెనకాల మనుషులుంటారని ఆయనకి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

(ఒక్క హెచ్చరిక. జిల్లా అంకెలు పోల్చేటప్పుడు ఎల్లలు చూసుకోవాలి. కోయిలకుంట్ల, కంభం మొదలైన తాలూకాలు 1858లో కర్నూలు జిల్లాకి పోయాయి. మదనపల్లి, వాయల్పాడు 1911లో చిత్తూరు జిల్లాలో కలిశాయి. ఆ సంగతి తెలియకపోతే 1911లో కూడా ఏదో కరువొచ్చిందని కంగారుపడతాం.)

అలా రెండు పుస్తకాలూ నా ముఖానే మూసుకున్నాయి. మూడోది వెతక్కుండానే మా వీధిలో దొరికింది.

మా నాలుగో ఇంట్లో రిటైరైన నర్సమ్మ ఒకావిడ వుంటుంది. సాయంత్రం వేళ అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటాం. నా గోడంతా విని, "అదేందక్కా, మా జేజికి జేజి పేరు మాకు ఉండాది కదా. అప్పట్లో మా నాయన చర్చి బుక్కు చూసి రాసుకున్యాడు" అంది. లోపలికెళ్లి, అట్ట చిరిగిన పాత బైబిలొకటి పట్టుకొచ్చింది. మొదటి తెల్లకాగితం మీద, సిరా వెలిసిపోయి, గుండ్రటి అక్షరాలతో వాళ్ల నాయన ఎత్తి రాసుకున్న వరసలు.

జమ్మలమడుగు వైపు చర్చి పుస్తకాల కథ చిన్నదేం కాదు. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు 1805లో విశాఖపట్నం, 1810లో బళ్లారి, 1822లో కడప చేరారు. 19వ శతాబ్దం మధ్యనుంచి ఈ చుట్టుపక్కల మాలపల్లెలనుంచి కుటుంబాలు కుటుంబాలుగా వాళ్లతో కలిశాయి. 1890ల్లో డాక్టర్ క్యాంబెల్ వచ్చి జమ్మలమడుగులో ఆస్పత్రి నడిపారు. క్యాంబెల్ ఆస్పత్రంటే మా చిన్నప్పుడు చుట్టూ నాలుగు తాలూకాలకీ తెలుసు. 1947లో ఈ సంఘాలన్నీ దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. మిషనరీలు రాసిన ఉత్తరాలు లండనులో భద్రంగా వున్నాయిగానీ, పెళ్లిళ్లూ బాప్తిస్మాలూ రాసిన పుస్తకాలు ఎక్కడివక్కడ చర్చిల్లోనే వుండేవి. చెదలు తిన్నవి తినగా మిగిలినవే మిగిలాయి.

బాప్తిస్మం పుస్తకంలో గళ్లుంటాయి. తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, వూరు, తండ్రి వృత్తి, ఇచ్చిన గురువు సంతకం. తల్లిదండ్రులన్న చోట తండ్రి పేరొక్కటే రాస్తే గడి నిండదు. తల్లి పేరు అడగాలి, రాయాలి. అంతే, ఆ ఒక్క గడి పుణ్యమా అని, పత్తి చేలో కూలికి పోయిన ఒక ఆడమనిషి పేరు నూటనలభై ఏళ్ల తర్వాత మా అరుగు మీదకొచ్చింది. ఆ పేరు వాళ్లింటిది, నేను అచ్చులో పెట్టను. చదివినప్పుడు మాత్రం, ఎవరో తలుపు తీసుకుని లోపలికొచ్చినట్టనిపించింది.

అక్కడా మెలికలు లేకపోలేదు. పెద్దవాళ్లు బాప్తిస్మం తీసుకుంటే కొత్త పేరొస్తుంది. నిన్నటి ఎల్లమ్మ నేడు మరియమ్మ, రత్నమ్మ అవుతుంది. పాత పేరు రాసివుంటే సరే, లేకపోతే అక్కడితో దారి తెగిపోతుంది. ఇక పెళ్లి పుస్తకం సంగతి వినండి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం పెట్టిన నమూనాలో వధూవరుల పేర్లు, వయసు, వృత్తి, వూరు, తండ్రి పేరు - అంతవరకే. తల్లికి గడి లేదు! తొమ్మిది నెలలు మోసింది బాప్తిస్మం పుస్తకంలో వుంది, పెళ్లి పుస్తకంలో మాయమైంది. చదువురాని పెళ్లికూతురు సంతకం చోట ఒక గీతో ఇంటూ గుర్తో పెట్టేది. ఆ వంకర గీతే ఆమె చేత్తో లోకానికి రాసిన ఒకే ఒక్క ఉత్తరం అనుకుంటే మనసు అదోలా అయిపోతుంది.

ధాత కరువు తగ్గుముఖం పట్టేసరికి ఈ పుస్తకాలు లావెక్కాయి. ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారు వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అది ఆకలా, భక్తా, మర్యాద కోసం వెతుకులాటా అని పెద్దలు ఇప్పటికీ వాదించుకుంటారు. వాదన అలా వుంచితే, ఒక్కటి మాత్రం నిజం. అంతకుముందు ఏ కాగితం మీదా పేరు లేని ఎందరో ఆ రోజుల్లో మొదటిసారి పేరుపేరునా రాయబడ్డారు.

ఇంకో పుస్తకం కూడా వుంది. అది ఓడల పుస్తకం. మద్రాసునుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న 342 మంది కూలీలతో దక్షిణాఫ్రికాలో దర్బను చేరింది. ఎక్కిన ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, వూరు రాశారు. ఆడవాళ్లకీ విడిగా నంబరు, విడిగా పేరు. చూశారా! మన పల్లెటూరి ఆడదాని పేరు సర్కారు కాగితం మీదకి ఎక్కాలంటే, అయితే మొగుడు పోవాలి, లేకపోతే సముద్రం దాటాలి!

ఇంతకీ నర్సమ్మ బైబిల్లో ఇంకోమాట చూశాను. వూరి పేరు. అది మా వూరే. వృత్తి దగ్గర "కూలి" అని వుంది. మా వూళ్లో ఆ రోజుల్లో కూలికి పిలిచే ఇళ్లెన్నో లేవు. నేను తలెత్తి ఆవిడ వంక చూశాను. ఆవిడకి ముందే తెలుసు కాబోలు, "మీ చేండ్లలోనే చేసింటారులే అక్కా" అంది నెమ్మదిగా, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

ఆ రాత్రి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకు కూర్చున్నాను. మా డైగ్లాటు నకల్లో చేను వుంది, బావి వుంది, గట్టు వుంది, పట్టాదారుంది. ఆ చేలో వంగి పత్తి ఏరినవాళ్లు లేరు. నర్సమ్మ కాగితంలో చేను లేదు, ఏరిన మనిషి వుంది. మా ఇంట్లో పది పుట్ల జొన్నలకి లెక్క రాశారు గానీ, వాటిని వండి వార్చిన ఆవిడ పేరు రాయలేదు. భూమి వున్న మా అవ్వకి పేరు లేదు. సెంటు భూమి లేని వాళ్ల అవ్వకి పేరు వుంది. ఇద్దరూ ఒకే బావి నీళ్లు తాగారో లేదో, ఆ కాలం సంగతి మనకి తెలియందేముంది, అక్కడా ఇద్దరికీ మధ్య గిరి గీసే వుంటారు. కరువు మాత్రం ఇద్దరి గుమ్మంలోకీ వచ్చివుంటుంది. 1881లో ఇద్దరూ బతికుంటే, ఆ 11,21,038లో ఒక్కొక్క ఒకటి. అక్కడ మాత్రం ఇద్దరూ సమానమే.

మా పుస్తకంలో వాళ్లు లేరు, వాళ్ల పుస్తకంలో మేం లేం. రెండూ కలిపి చదివితేనే అది మా వూరి కథ అవుతుందని నాకు ఇన్నాళ్లకి తెలిసింది.

మరుసటి ఆదివారం మనవరాలికి ఫోనులో చెప్పాను. "అమ్మాయీ, ఆ గడిలో ఖాళీ వదిలెయ్. గీత కొట్టకు, 'లేదు' అని రాయకు. ఆవిడ వుంది. పేరే రాయలేదు" అన్నాను. "మరి ఖాళీగా వుంటే మార్కులు తగ్గిస్తారేమో అవ్వా" అంది. తగ్గిస్తే తగ్గించనీ!

మీకు నేను చెప్పేదొక్కటే. మీ ఇంట్లో ఎనభై దాటిన అవ్వ ఎవరైనా వుంటే, ఈ పత్రిక పక్కన పెట్టి ఇప్పుడే వెళ్లి అడగండి. మీ అత్తగారి పేరేమిటి, ఆమె అత్తగారి పేరేమిటి, పుట్టిల్లు ఏ వూరు అని. వయసు తెలియకపోతే ఏ కరువుకి, ఏ వరదకి, ఎవరి పెళ్లినాటికి ఎంత వున్నావని అడగండి. అటక మీది ఇత్తడి బిందెలూ గంగాళాలూ పాత సామాన్లవాడికి వేసేముందు ఓసారి తిప్పి చూడండి. అంచు మీద పేరు కొట్టించి వుంటుంది. సర్కారు రాయని పేరు కొన్నిసార్లు కంచరి ఉలే రాసింది.

వూళ్లు కూడా శాశ్వతం కావు. గండికోట జలాశయంలో నీళ్లు నింపినప్పుడు 2020లో తాళ్లప్రొద్దుటూరు వూరికి వూరే మునిగింది. ఇళ్లు పోతే పోయాయి, ఆ ఇళ్లలో బతికినవాళ్ల పేర్లయినా ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా.

మళ్లీ జనాభా లెక్కలొస్తున్నాయి. 2027 మార్చి 1 నాటికి లెక్క అని ప్రభుత్వం 2025లో ప్రకటించింది. లెక్కలవాళ్లు మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు మీవారిని ముందుకి తోసి మీరు వంటింట్లోంచి వినకండి. బయటికొచ్చి మీ పేరు మీరే, ఇంటిపేరుతో సహా, స్పష్టంగా చెప్పండి. అది ఏ పుస్తకంలోనూ అచ్చవదు, నిజమే. అందుకని ఆ పూటే ఇంట్లో ఒక నోటుబుక్కు తీసి, మీ పేరు, మీ అమ్మ పేరు, మీ అత్తగారి పేరు కూడా రాసిపెట్టండి.

నేను రాశాను. మొదటి పేజీ మాత్రం ఖాళీగా వుంచాను. అది మా జేజికి జేజిది.